పసిపిల్లల సంరక్షణ చదువుకూ విదేశీ విద్యానిధి ఇవ్వాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో విదేశీ చదువుల మీద వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎంఎస్, ఎంబీఏ, నర్సింగ్, డేటా సైన్స్, అన్నీ ఉన్నాయి అందులో. పసిపిల్లల్ని చూసుకునే పనిని ఒక చదువుగా నేర్చుకోవడానికి బయటి దేశం పోవాలనుకునే ఆడపిల్ల గురించి మాత్రం ఒక్క లైను లేదు. అట్లాంటి వాళ్లు మన దగ్గర ఎవరుంటారులే అనుకున్నారేమో. ఉన్నారండీ. మా ఇంట్లోనే ఉంది, మా పెద్దమ్మాయి. నేను దేవరకద్ర దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. మూడేళ్ల పిల్లలు ఏడుస్తూ వచ్చి ఆడుకుంటూ ఇంటికి పోవడం రోజూ చూసేదాన్ని కాబట్టి, ఇది ఎంత పెద్ద పనో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను అడిగేది ఒకటే. నర్సు చదువుకు ఇచ్చే విలువ ఈ చదువుకూ ఇవ్వండి. బయటి దేశం చదువుకు డబ్బు సాయంగా ఇచ్చే విద్యానిధి ప్రభుత్వం దీనికీ ఇవ్వాలి, పోయే దారి ప్రభుత్వమే చూపించాలి. అది లేకపోతే ఈ పిల్లలు కన్సల్టెన్సీల చేతిలో పడతారు, పడుతున్నారు కూడా.

ఊళ్లో అందరి మాటా ఒకటే. "డిగ్రీ చదివించి పిల్లల ముడ్డి కడగనీకి లండన్ పంపుతవా టీచరమ్మా, గా పని ఈడ లేదా?" అని మొహం మీదే అడుగుతారు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు, ఎందుకంటే మన పాలమూరులో ఆ పని ఎట్లా నడుస్తుందో వాళ్లు కళ్లారా చూశారు. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎంతమంది ఆడవాళ్లు గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ అపార్ట్‌మెంట్లలో పిల్లల్ని చూసుకునే పనికి పోయారో. వాళ్లు సొంత పిల్లల్ని ఇక్కడ అవ్వ దగ్గర వదిలి, అక్కడ వేరేవాళ్ల బిడ్డను రాత్రీ పగలూ ఎత్తుకుంటారు. బతుకమ్మకు లీవు అడిగితే మొహం మాడ్చుకుంటారు, బిడ్డకు జ్వరం వస్తే నువ్వే ఏదో పెట్టి ఉంటావని నింద వేస్తారు, పని గంటలు ఎన్నో, జీతం ఎంతో కాగితం మీద ఒక్క ముక్క రాసి ఉండదు. ఇంటిపని చేసేవాళ్ల హక్కుల కోసం చట్టం తెచ్చే విషయం పరిశీలించడానికి కమిటీ వేయమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది, అంటే ఇన్నేళ్లూ వాళ్ల కోసం దేశం మొత్తానికీ ఒక చట్టమే లేదన్నమాట. ఈ పరిస్థితి చూసినవాళ్లు ఆ పనికి చదువెందుకు అని అడగడంలో ఆశ్చర్యం ఏముంది? కానీ నేను చూసే తీరు వేరు. చదువు, సర్టిఫికెట్ లేవు కాబట్టే ఆ పనికి ఇక్కడ విలువ లేదు.

ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊళ్లో నోర్లాండ్ అని ఒక కాలేజీ ఉంది. దాన్ని 1892లో ఎమిలీ వార్డ్ అనే ఆవిడ లండన్‌లో మొదలుపెట్టింది. అక్కడ మూడేళ్ల డిగ్రీ చదవాలి, ఆ తర్వాత ఒక ఏడాది ఏదో ఒక ఇంట్లో జీతానికి పనిచేసి చూపిస్తేనే కాలేజీ డిప్లొమా చేతికొస్తుంది. గోధుమ రంగు యూనిఫాం వేసుకుంటారు, వంట, కుట్టుపని దగ్గర్నుంచి జారే రోడ్డు మీద కారును అదుపు చేయడం, ఆత్మరక్షణ దాకా నేర్పిస్తారు. బ్రిటన్ రాకుమారుడు విలియం పిల్లల్ని చిన్నప్పటి నుంచి చూసుకుంటున్న మరియా బొరాలో ఆ కాలేజీలో చదివినామే. ఫీజులు చూశాక మేం ఆ కాలేజీ మీద ఆశ పెట్టుకోలేదనుకోండి, అది వేరే సంగతి. నూట ముప్పై ఏళ్ల కిందే ఒక దేశం ఈ పనిని కూర్చోబెట్టి నేర్పించాల్సిన విద్యగా చూసిందని చెప్పడానికి రాస్తున్నాను.

సరిగ్గా అదే కాలంలో మన దేశపు ఆడవాళ్లు ఏం చేస్తున్నారో తెలుసా. ఇక్కడి తెల్ల దొరల పిల్లల్ని ఎత్తుకుని ఓడల్లో వారాల తరబడి సముద్రం దాటి ఇంగ్లండ్ పోయేవాళ్లు. దిగాక పని అయిపోయిందని కొందరిని తిరుగు టికెట్ కూడా ఇవ్వకుండా వదిలేసేవారు. అట్లాంటి వాళ్లకు తలదాచుకోవడానికి లండన్‌లో హ్యాక్నీ అనే ప్రాంతంలో ఆయాల కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు ఉండేది. 2022లో ఆ ఇంటి గోడకు నీలం రంగు స్మారక ఫలకం పెట్టారు. పిల్లల్ని పెంచడం వాళ్లకు రాక కాదు, ఓడలో తుపాను మధ్యన కూడా పెంచారు. వాళ్ల చేతిలో ఒక సర్టిఫికెట్ లేదు, ఒక ఒప్పంద పత్రం లేదు, అడిగే దిక్కు లేదు. మా అమ్మాయి పోతే అవన్నీ చేతిలో పెట్టుకుని పోవాలని నా కోరిక.

ఇంతకీ ఈ చదువులో ఏం నేర్పుతారు, పిల్లల్ని పెంచడం ఆడదానికి పుట్టుకతో వస్తుంది కదా అంటారు. రాదండీ, కొంతే వస్తుంది. మన దగ్గర బిడ్డ పుట్టగానే నాలుక మీద తేనె రాస్తారు, మా అత్తగారు కూడా రాసింది, ప్రేమతోనే. ఏడాది లోపు బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టొద్దు అన్నది విదేశాల్లో ఈ కోర్సుల్లో నేర్పే మొదటి విషయాల్లో ఒకటి. అందులో బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు, ఆ వయసులో పేగులకు దాన్ని అణిచే శక్తి ఉండదు. పసిబిడ్డను బోర్లా కాకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి అన్న ఒక్క విషయాన్ని బ్రిటన్‌లో 1991 నుంచి ఇంటింటికీ చెబితే, నిద్రలోనే చనిపోయే పసిపిల్లల సంఖ్య బాగా తగ్గిపోయింది. అప్పటిదాకా బోర్లా పడుకోబెట్టిన తల్లులందరూ బిడ్డ మేలు కోరినవాళ్లే కదా.

మా వీధిలో జరిగింది చెబుతాను. పల్లికాయ తెంపే రోజుల్లో వాకిట్లో ఆరబోసిన కాయల్లో పాకుతూ పోయిన పది నెలల బాబు ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. అది గొంతులో అడ్డం పడింది. ఏడుపు ఆగిపోయింది, పెదాలు నీలంగా మారుతున్నాయి. వాళ్ల అవ్వ వేలు పెట్టి తీయబోయింది, పక్కింటామె నీళ్లు పోయమంటోంది, ఇంకొకాయన కాళ్లు పట్టి తలకిందులుగా ఊపమంటున్నాడు. మా అమ్మాయి వాడిని లాక్కుని ముంజేతి మీద బోర్లా వేసుకుంది, దవడ కింద చేయి ఆనించి తల కిందికి వంచి, అరచేతి మడమతో రెండు భుజాల మధ్యన గట్టిగా కొట్టింది. నాలుగో దెబ్బకు గింజ బయటపడింది, వాడు కెవ్వుమన్నాడు. అయిదు దెబ్బలకూ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద అయిదు సార్లు నొక్కాలట, వేలు పెట్టి గుడ్డిగా కెలికితే గింజ ఇంకా లోపలికి పోతుందట. ఇదంతా దానికి ఎవరు చెప్పారంటే, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో బొమ్మ మీద చూపించారు, అంతే. అప్పటిదాకా బీఈడీ చేస్తానన్న పిల్ల, ఆ తర్వాత ఇదే చదువుతాను అని కూర్చుంది. ఒక్క పూట క్యాంపులో నేర్చుకున్నదే ఇంత పనికొస్తే, రెండేళ్లు పద్ధతిగా నేర్చుకుంటే ఇంకెంత నేర్చుకోవచ్చో ఆలోచించండి.

మాకూ శిక్షణలు ఉన్నాయి, కాదనను. "పోషణ్ భీ పఢాయీ భీ" అనే కేంద్ర కార్యక్రమం కింద పిలిచి చెప్పారు, మూడేళ్ల లోపు పిల్లల కోసం 2024లో తెచ్చిన "నవచేతన" పుస్తకం నిజంగా బాగుంది. కానీ మాకు రిజిస్టర్లు, ఫోన్‌లో యాప్, గుడ్లు, బాలామృతం లెక్కలు, ఎన్నికల డ్యూటీ, వీటి మధ్యన ఆ పుస్తకం తెరిచే తీరిక దొరకాలి. ఆస్ట్రేలియాలో ఈ రంగంలో అన్నిటికంటే చిన్న కోర్సు, సర్టిఫికెట్ త్రీ అంటారు, అది పూర్తి చేయాలన్నా నిజమైన చైల్డ్ కేర్ సెంటర్లో కనీసం 160 గంటలు పిల్లలతో పనిచేసి, పైవాళ్లు చూసి సరే అంటేనే పాస్. ఆ తర్వాత డిప్లొమా. పిల్లలతో పనిచేసేవాళ్ల మీద పాత కేసులేమైనా ఉన్నాయేమో ముందే చెక్ చేస్తారు కూడా. మన దగ్గర ఇంట్లోకి ఆయాను తెచ్చుకునేటప్పుడు ఆధార్ జిరాక్స్ తీసుకుంటే గొప్ప.

ఇక అసలు టెన్షన్ దగ్గరికి వస్తాను. మేం అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. ఏసీ గది, గోడ నిండా జెండాలు. "కెనడా నానీ వీసా ఉందమ్మా, రెండేళ్లు చేస్తే పీఆర్ (అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) గ్యారంటీ, ముందు అయిదు లక్షలు కట్టండి" అన్నారు. మా ఆయన మెత్తబడ్డాడు, పొలం మీద అప్పు తేవచ్చు అన్నాడు. అమ్మాయి ఇంటికొచ్చి కెనడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చదివితే తెలిసింది, పిల్లల్ని చూసుకునేవాళ్ల కోసం 2019లో పెట్టిన ఆ పథకం 2024 జూన్‌లోనే మూతపడింది. 2025 మార్చి 31న కొత్తది తెరిచారు గానీ, అప్పటికే కెనడాలో ఉన్నవాళ్ల దరఖాస్తులే తీసుకున్నారు, పిల్లల సంరక్షణ కోటా వెంటనే నిండిపోయింది. మూతపడిన దాన్ని ఉన్నట్టు చూపించి మా దగ్గర అయిదు లక్షలు అడిగారు! మేం కట్టలేదు. కట్టినవాళ్లు ఎంతమంది ఉంటారో అని నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

బ్రిటన్ సంగతీ అంతే. చదువుకోవడానికి పోవచ్చు, కానీ చదివాక అక్కడే నానీగా ఉద్యోగం చేస్తూ ఉండిపోవచ్చు అని ఎవరైనా చెబితే ఆగి ఆలోచించండి. 2025 జులై 22 నుంచి అక్కడ ఉద్యోగానికి ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసా కొద్ది మినహాయింపులు తప్ప డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే ఇస్తున్నారు. ఆస్ట్రేలియాకు అయితే వీసా ఫీజే 2025 జులై నుంచి 2,000 ఆస్ట్రేలియా డాలర్లు అయింది, వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు. ఏడాది బతకడానికి 29,710 డాలర్లు ఉన్నాయని చూపించాలి, మన డబ్బుల్లో 16 లక్షల పైమాటే, చదువు ఫీజు దానికి అదనం. ఇవన్నీ ముందే చెబితే తల్లిదండ్రులు తమ తాహతు చూసుకుని నిర్ణయించుకుంటారు. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు, చెబితే వాళ్లకు కమీషన్ పోతుంది.

జర్మనీలో ఓ పేర్ అని ఒకటి ఉంది, దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన పిల్లలకు నిజంగా అందుబాటులో ఉన్నది ఇదే, తప్పుగా అమ్ముతున్నదీ ఇదే. 18 ఏళ్లు నిండి 27 నిండని వాళ్లు, జర్మన్ భాష ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు వచ్చినవాళ్లు అక్కడ ఒక కుటుంబంతో ఎక్కువలో ఎక్కువ ఏడాది ఉండి వాళ్ల పిల్లల్ని చూసుకోవచ్చు. వారానికి 30 గంటలకు మించి పని చెప్పకూడదు, తిండి, సొంత గది, ఇన్సూరెన్స్ వాళ్లే పెట్టుకోవాలి, నెలకు కనీసం 280 యూరోలు చేతి ఖర్చుకు ఇవ్వాలి, భాష క్లాసుకూ నెలకు 70 యూరోల దాకా ఇవ్వాలి. 280 యూరోలంటే పాతిక వేల పైమాటే. జాగ్రత్తగా పోయే పిల్లకు భాష వస్తుంది, లోకం తెలుస్తుంది, నేను దాన్ని చెడ్డదని అనను. కానీ అది ఉద్యోగం కాదు, చదువు కాదు, దాంట్లో సర్టిఫికెట్ రాదు, ఏడాది కాగానే వీసా అయిపోతుంది. దాన్నే "జర్మనీలో నానీ జాబ్, లైఫ్ సెటిల్" అని లక్షలకు అమ్ముతున్నారు. అక్కడ ప్రీస్కూల్ పిల్లలతో పనిచేయడానికి అసలైన శిక్షణ వేరే ఉంది, దానికి జర్మన్ ఇంకా చాలా బాగా రావాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఉద్యోగానికి పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి, మనిషి దగ్గర 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఏజెంటు అసలువాడో నకిలీవాడో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కానీ "చదువుకు పంపుతున్నాం" అన్న కన్సల్టెన్సీకి ఈ చట్టం వర్తించదు. అందుకే పనికి పంపేవాళ్లు కూడా చదువు బోర్డు పెట్టుకుంటున్నారు. గల్ఫ్‌కు అయితే పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లను 30 ఏళ్లు నిండకుండా ఇంటిపనికి పంపడానికి లేదు, నానీ పని అని పేరు మార్చి విజిట్ వీసా మీద ఎక్కిస్తామంటే ఆ గడప తొక్కొద్దు.

ఇప్పుడు ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున ఉంది, మైనారిటీలకూ ఉంది, 20 లక్షల దాకా ఇస్తున్నారు. ఎంతో మంచి పథకం, మా బంధువుల పిల్లవాడే దాంతో ఎంఎస్ చదివాడు. కానీ అది పీజీ, పీహెచ్‌డీ చదువులకే. చేతులతో నేర్చుకునే ఈ పని ఎక్కువ దేశాల్లో సర్టిఫికెట్, డిప్లొమా స్థాయిలో ఉంటుంది కాబట్టి మా పిల్లలకు దరఖాస్తు పెట్టుకునే వీలే లేదు. ఏటా కొన్ని సీట్లయినా పసిపిల్లల సంరక్షణ డిప్లొమాకు ఇవ్వండి. కాలేజీ అసలుదో కాదో అధికారులే చూసి జాబితా పెడితే, తల్లిదండ్రులు అమీర్‌పేట గల్లీల్లో తిరిగే బాధ తప్పుతుంది. మన రాష్ట్రానికే టామ్‌కామ్ ఉంది కదా, నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతున్న సంస్థ. ఈ పిల్లలకూ అట్లాగే ఒక బ్యాచ్ పెడితే ఏం పోతుంది? ఫిలిప్పీన్స్‌లో ప్రభుత్వమే టెస్డా అనే సంస్థ ద్వారా ఇంటిపని, సంరక్షణ పనులకు శిక్షణ ఇచ్చి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది, ఇంటిపనికి విదేశం పోయేవాళ్ల దగ్గర ప్లేస్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని 2006 నుంచి రూలు పెట్టింది. ఆ దేశపు ఆడవాళ్లకు ప్రపంచమంతా పిలిచి పని ఇస్తుందంటే దాని వెనక ఇంత ఉంది.

అందరూ పోలేరు, పోవాలనీ లేదు. పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఉన్నాయి, వాటి కింద ఎన్నో మహిళా కాలేజీలు ఉన్నాయి. అక్కడ ఒక ఏడాది కోర్సు పెట్టి, ప్రాక్టికల్స్‌కు మా అంగన్‌వాడీలకే పంపండి, మేం సంతోషంగా నేర్పిస్తాం, మేమూ నేర్చుకుంటాం. పసిపిల్లల చదువుకు కొత్త పద్ధతి చూపించిన ఇటలీ ఆవిడ మాంటెస్సోరి అమ్మగారు 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి వందల మందికి నేర్పించి వెళ్లారు, బయటి విద్య మన నేల మీద ఎట్లా నిలబడుతుందో అప్పుడే చూశాం కదా. చదువుకుని తిరిగొచ్చిన పిల్లలకు పని లేకపోవడం ఉండదు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఆఫీసుల్లో క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు ఉండాలని 2017లోనే చట్టం మార్చారు. 50 మంది కంటే ఎక్కువ ఆడకూలీలున్న కట్టడాల దగ్గరా పిల్లల గది ఉండాలని 1996లోనే చట్టం చెప్పింది. నారాయణపేట, కోస్గి, మద్దూరు నుంచి పుణె, ముంబై పోయిన మా ఆడకూలీల పిల్లలు ఇప్పటికీ ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాలలోనే నిద్రపోతున్నారు. ఆ గదులు నడపడానికి నేర్చుకున్న మనుషులు కావాలి.

మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తూనే జర్మన్ ఏ1కు చదువుతోంది, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష కూడా రాస్తానంటోంది. దారి ఏదైనా, అప్పు చేసి మోసపోకూడదు అన్నదే మా పట్టుదల. ఎడిటర్ గారూ, మీ విదేశీ విద్య పేజీలో ఈ చదువు గురించి, ఏ వీసా ఉంది ఏది మూసేశారు అన్న వివరాలతో ఒక్క వారమైనా వేయండి. విద్యానిధిలో ఈ డిప్లొమా చేర్చమని వచ్చే సోమవారం మహబూబ్‌నగర్ కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇస్తున్నాం. నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల్లో ఇట్లాంటి ఆడపిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఉంటే మీ మీ కలెక్టరేట్‌లోనూ అదే రోజు ఒక కాగితం ఇవ్వండి. రశీదు తీసుకోవడం మరిచిపోకండి.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
దేవరకద్ర మండలం, మహబూబ్‌నగర్ జిల్లా